అడవి కూలి, కడలి వాటా: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన లెక్కలు

పొలములో కలుపు తీయు కూలికి సాయంకాలమునకు లెక్క తేలిపోవును. ప్రొద్దు క్రుంకువేళ రైతు గట్టుమీద నిలిచి డబ్బు లెక్కపెట్టి ఇచ్చును. తక్కువైనచో అక్కడనే మాట జరుగును. అడవిలో ఆకు కోయువారికి గాని, సముద్రముమీద వల లాగువారికి గాని ఈ సౌలభ్యము లేదు. ఒకరికి కట్టల లెక్క, ఒకరికి కిలోల లెక్క, ఒకరికి వాటాల లెక్క, మరియొకరికి బయానా కోతపోగా మిగిలిన లెక్క. సీజను అంతయు కష్టపడిన పిమ్మట "దినమునకు నీకెంత గిట్టినది?" అని అడిగినచో వెంటనే బదులు చెప్పగలవారు అరుదు.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ రెండు పరిశ్రమలలోను కూలివారికి నష్టము రేటువలన కలుగుట కంటె లెక్కవలన కలుగుట హెచ్చు. రేటును పదిమంది ఎదుట ప్రకటింతురు. అది పత్రికలలోను పడును. లెక్క మాత్రము కల్లములోను, రేవులోను ఇద్దరి నడుమ జరిగిపోవును. ఆ లెక్కను నలుగురిలోనికి తెచ్చుట పంచాయతీ చేయగల పని. అందులకు కావలసిన సంగతులను మేమిచట వివరించుచున్నాము.

మూడు త్రోవల సంపాదన

అటవీ, మత్స్య పరిశ్రమలలో సంపాదన మూడు త్రోవల వచ్చును. మొదటిది జీతము. అటవీశాఖలోని బీటు అధికారి, సెక్షను అధికారి మున్నగువారికి ప్రభుత్వపు జీతపు స్కేలు కలదు. పొరుగుసేవల పద్ధతిని నియమింపబడిన కాపలాదారులకు నెలకింత అని నిర్ణయమైన మొత్తము ముట్టును. రెండవది కూలి. ఇందులో దినకూలి, పనికూలి అని రెండు రకములు. నర్సరీలో సంచులకు మట్టి నింపువారికి, మొక్కలు నాటువారికి దినకూలియో, మొక్కల లెక్కన కూలియో ఉండును. వెదురు నరకువారికి గడల లెక్కన, ఆకు కోయువారికి కట్టల లెక్కన, రొయ్యలు ఒలుచువారికి కిలోల లెక్కన డబ్బు వచ్చును. మూడవది వాటా. బోటుమీద పనిచేయు సరంగునకు, కళాసీలకు పట్టిన చేపల విలువలో పాలు దక్కును.

నెల గడచినచో జీతగాని సంపాదన ఎంతయో తెలియును. దినము గడచినచో దినకూలివాని సంపాదన తెలియును. వాటాదారుని సంపాదన మాత్రము బోటు రేవు చేరి, సరకు అమ్ముడై, ఖర్చులు తీసివేసినగాని తెలియదు. కావున ఈ మూడింటిని ఒక్క కొలతతో కొలువవలెను. సంపాదన ఏ త్రోవన వచ్చినను దానిని "ఒక మనిషికి, ఒక దినమునకు" అని మార్చి చూచుటయే ఆ కొలత. పోల్చి చూచుటకు ఒక గుర్తు కావలెనన్నచో, 2025-26 సంవత్సరమునకు ఆంధ్రప్రదేశములో ఉపాధిహామీ పనికి నిర్ణయింపబడిన దినకూలి రూ. 307. ఈ అంకెను మనసునందుంచుకొని ముందుకు సాగుదము.

వెనుకటి పాఠము

అడవిలో కూలి తక్కువైనచో ఏమి జరుగునో మన చరిత్రయే చెప్పుచున్నది. ఆంగ్లేయుల కాలమున అటవీ చట్టములు మన్యపు ప్రజల పోడును, కలపను, మేతను కట్టడి చేసినవి. నర్సీపట్నమునుండి గూడెము మన్యములోనికి రోడ్డు వేయించినప్పుడు గిరిజనులచేత చాలీచాలని కూలికి పని చేయించిరి. ఇచ్చెదమన్న కూలిని సయితము సరిగా ఇయ్యలేదన్న ఫిర్యాదులు కలవు. ఆ ఆగ్రహము అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడిగా వెలికి వచ్చి, 1924 వరకు సాగిన పోరాటమైనది. దానికి కారణములు అనేకములు. ఎగవేసిన కూలి వానిలో ఒకటి అను సంగతి మనము మరువరాదు.

ఆకు కల్లములోని లెక్క

తునికాకును బీడీ ఆకు అనియు వ్యవహరింతురు. మాఘ ఫాల్గుణ మాసములలో తునికి పొదలను కొట్టివేయుదురు. అట్లు కొట్టినచో వేసవి మొదటనే లేత చిగురు వచ్చును. ఆ ఆకు ముదురకముందే కోయవలెను కనుక పని దినములు బహుకొద్ది. తెల్లవారకముందే అడవికి పోయి కోసిన ఆకును మధ్యాహ్నము ఇంటికి తెచ్చి, నీడను కూర్చుండి ఏబదేసి ఆకులు చొప్పున కట్ట కట్టి, సాయంకాలము కల్లమునకు చేర్చుదురు. వేయి కట్టలు, అనగా ఏబదివేల ఆకులు, ఒక స్టాండర్డు సంచి. కల్లేదారు కట్టలు లెక్కించి కార్డులో వ్రాసికొని ఎండకు పరపించును.

ఈ పనిలో మూడు చోట్ల లెక్క తప్పుటకు అవకాశము కలదు. మొదటిది కొసరు. నూరు కట్టలకు అయిదు కట్టలు ఎక్కువ తీసికొను అలవాటు కొన్ని కల్లములలో కలదని కూలీలు చెప్పుచుందురు. రెండవది తిరస్కారము. ఆకు చిరిగినదనియో, ముదిరినదనియో కట్టను ప్రక్కకు త్రోసి, అటుపై దానిని కుప్పలో కలుపుకొనుట. మూడవది కార్డు. కట్టలు ఇచ్చిన దినమున వ్రాయక, మరునాడు జ్ఞాపకమునుబట్టి వ్రాయుట.

ఒక ఉదాహరణ చెప్పెదము. అంకెలు లెక్క చూపుటకు మాత్రమే. భార్య, భర్త, వృద్ధురాలైన తల్లి, ముగ్గురును కష్టపడి ఒక దినమున 210 కట్టలు తెచ్చిరనుకొందము. కట్టకు రూ. 3 చొప్పున రూ. 630 రావలెను. నూటికి అయిదు కొసరు పోయి కార్డులో 200 కట్టలే పడినవి. చేతికి వచ్చునది రూ. 600. పోయినది ముప్పదియే కదా యని తోచవచ్చును. ఇరువది దినముల సీజనులో అది రూ. 600, అనగా ముగ్గురి పూర్తి దినపు కష్టము. ఇక మనిషికి దినమునకు మార్చి చూచినచో వచ్చునది రూ. 200 మాత్రమే. మనము మనసునందుంచుకొన్న రూ. 307తో పోల్చి చూడుడు. "మా ఇంటికి దినమునకు ఆరువందలు" అని ఆ భర్త సంతోషముతోనే చెప్పును. నీడన కూర్చుండి కట్టలు కట్టిన ముసలితల్లి కష్టము ఆ మాటలో కనబడదు.

ఆకు కూలియా, సరకా?

ఇచట ఇంకొక సంగతి కలదు. ఆకు కోసినందుకు ఇచ్చు డబ్బును కాగితములలో సేకరణ చార్జీ అందురు. కోసినవారు దానిని కూలి అందురు. పేరు ఏదైన నేమి యని తలంపరాదు. కూలి అయినచో ఆ డబ్బుతో సంబంధము తీరినది. తన సరకును తాను అమ్ముకొన్నట్లయినచో అమ్మకపు లాభములో కూడ హక్కు కలదు.

1971 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఫలసాయ వ్యాపార నియంత్రణ చట్టమువలన ఈ వ్యాపారము ప్రభుత్వపు అదుపులోనికి వచ్చినది. తరువాత 1996లో షెడ్యూలు ప్రాంతముల పంచాయతీలకై పార్లమెంటు చేసిన చట్టము, చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును గ్రామసభకు, పంచాయతీకి ఒసగవలెనని నిర్దేశించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఇంకను స్పష్టముగా చెప్పినది. తునికాకును, వెదురును చిన్నతరహా ఫలసాయములో చేర్చి, వానిని సేకరించుటకు, వాడుకొనుటకు, అమ్ముకొనుటకు అడవిబిడ్డలకు హక్కు కలదన్నది. కావున హక్కుపత్రము పొందిన గ్రామములో ఆకు కోయువారు కూలివారు మాత్రమే కారు, సొంతదారులు కూడ.

ఈ హక్కు వలన కూలిలో ఎట్టి మార్పు వచ్చునో ప్రాణహితకు ఆవల, మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లాలో చూడవచ్చును. అచటి మేంఢా-లేఖా అను చిన్న గోండు గ్రామము 2009లో సాముదాయిక అటవీ హక్కును పొందినది. 2011 ఏప్రిలులో వెదురు రవాణా అనుమతి పుస్తకము గ్రామసభ చేతికే వచ్చినది. అంతకుముందు నరికిన గడకు కూలి మాత్రమే ఎరిగిన ఊరు, నాటినుండి గడను అమ్ముటలోను పాలుపంచుకొన్నది. కూలి ఎంత ఇయ్యవలెనో, లాభములో ఎంత ఉమ్మడి నిధిలో ఉంచవలెనో గ్రామసభ కూర్చుండి నిర్ణయించుకొనగల స్థితి ఏర్పడినది. మన షెడ్యూలు ప్రాంతపు పంచాయతీలు తమ హక్కుపత్రమును పెట్టెలో దాచుకొనక, అందులో ఏ ఫలసాయములు వ్రాయబడినవో ఒకమారు గ్రామసభలో చదివించుట మంచిది.

చింతపండు, తేనె, అడ్డాకు, కుంకుడుకాయ మున్నగు ఇతర ఫలసాయముల విషయమున 1956లో విశాఖపట్టణమున స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2013-14లో చిన్నతరహా ఫలసాయమునకు కనీస మద్దతు ధర పథకమును ఆరంభించినది. సంతలో వర్తకుడు ధర చెప్పకముందే సంస్థ ధర ఎంతయో ఊరిలో తెలిసియుండవలెను. అందులకు పంచాయతీ గోడమీద ఒక నల్లబల్ల చాలును.

నర్సరీ, కూపు, కాపలా

అడవి పనులలో రెండవ తరగతి నర్సరీ, తోటల పెంపకము, కూపులలో నరకుడు, వేసవిలో మంటలు ప్రాకకుండ చుట్టును చెత్త తొలగించు పని. అటవీశాఖతోపాటు, 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ తోటలలోను ఇట్టి పనులు ఉండును. ఇందు తరచుగ గుత్తేదారు ఉండును, గుత్తేదారు క్రింద మేస్త్రి ఉండును. శాఖ ఇచ్చిన రేటునకు, కూలి చేతిలో పడిన డబ్బునకు నడుమ ఇద్దరు మనుష్యులు ఉందురన్నమాట. గుత్తేదారు కూలి ఎగవేసినచో పని చేయించుకొన్న అసలు యజమానియే చెల్లింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఈ ఒక్క సంగతి తెలిసియున్నచో "మేస్త్రి పారిపోయినాడు" అన్న మాటతో కూలీలు ఇంటిదారి పట్టవలసిన పని లేదు.

కాపలాదారుల సంగతి వేరు. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యమున బేస్ క్యాంపులయందు చెంచులు కాపలాదారులుగా పనిచేయుచున్నారు. పులి అడుగును గుర్తించుటలో వారికి సాటి లేరు. ఇట్టి పొరుగుసేవల ఉద్యోగి తన జీతపు చీటిని అడిగి తీసికొని చదువుకొనవలెను. భవిష్యనిధికి ఉద్యోగి వంతు నూటికి 12, యజమాని వంతు నూటికి 12. ఉద్యోగుల రాజ్యబీమా వర్తించుచోట 2019 జూలైనుండి ఉద్యోగి వంతు నూటికి 0.75, యజమాని వంతు నూటికి 3.25. యజమాని వంతును ఉద్యోగి జీతమునుండి కోయరాదు. రెండు వంతులును ఉద్యోగి నెత్తిననే పడినచో అది జీతము తగ్గించుటయే యగును. కోసిన సొమ్ము నిజముగా ఖాతాలో జమయైనదా లేదా అనునది కూడ చూచుకొనవలెను.

బోటులోని వాటా

ఇక సముద్రమునకు వత్తము. తెప్ప, నావ, అలివి వలల కాలమునుండియు మన తీరమున వాటా పద్ధతియే కలదు. వలకు ఒక పాలు, నావకు ఒక పాలు, మనిషికి ఒక పాలు. అందరును బంధువులు, ఒకే రేవువారు. పట్టిన చేప కన్నుల ఎదుట ఇసుకమీద పోసి పంచుకొనెడివారు. మరబోట్లు వచ్చినపిమ్మట పేరు వాటాయే అయినను లోపలి లెక్క మారినది. డీజిలు, మంచు, తిండి సామాను, వేలము కమీషను, ఇవన్నియు ముందు తీసివేసి, మిగిలినదానిని యజమానియు పనివారును పంచుకొందురు. పాళ్లు రేవు రేవునకు వేరు.

దీనికిని ఒక ఉదాహరణము చూతము. ఏడుగురు పనివారితో ఒక మరబోటు 15 దినముల వేటకు పోయి రూ. 4,00,000 విలువగల చేపలు తెచ్చినదనుకొందము. డీజిలు రూ. 1,80,000, మంచు రూ. 20,000, తిండి మున్నగునవి రూ. 20,000, నూటికి అయిదు చొప్పున కమీషను రూ. 20,000. మొత్తము ఖర్చు రూ. 2,40,000. మిగులు రూ. 1,60,000. అందు నూటికి 40 వంతు పనివారిదనుకొన్నచో రూ. 64,000. సరంగునకు రెండు పాళ్లు, ఆరుగురు కళాసీలకు తలకొకటి, మొత్తము ఎనిమిది పాళ్లు. కళాసీకి రూ. 8,000, అనగా దినమునకు సుమారు రూ. 533. బాగున్నది.

తరువాతి వేట సరిగా పడలేదు. చేపల విలువ రూ. 2,80,000 మాత్రమే. డీజిలు, మంచు, తిండి ఖర్చులలో మార్పు లేదు. కమీషను రూ. 14,000. మొత్తము ఖర్చు రూ. 2,34,000. మిగులు రూ. 46,000, పనివారి వంతు రూ. 18,400. కళాసీకి వచ్చినది రూ. 2,300, దినమునకు రూ. 153. వేట విలువ నూటికి 30 వంతులు తగ్గగా, కళాసీ సంపాదన నూటికి 71 వంతులు తగ్గినది. డీజిలు కొట్టువానికిని, మంచు ఫ్యాక్టరీవానికిని ఏమియు తగ్గలేదు. వాటా పద్ధతిలో ఖర్చులు ముందు తీసివేయబడును గావున, వేట తగ్గిన భారము యజమానిమీదను, అంతకంటె బరువుగా కళాసీ ఇంటిమీదను పడును.

ఇందు కమీషను అనునది గమనింపదగినది. బోటునకు ముందుగ సొమ్ము అప్పిచ్చిన వర్తకుడే చేపలు వేలము వేయుట పలుచోట్ల వాడుక. నూటికి అయిదుగానున్న కమీషను ఎనిమిది అయినచో, పైన చెప్పిన మొదటి వేటలో రూ. 12,000 అదనముగా పోవును. ఆ మేరకు పనివారి వంతులో రూ. 4,800, ఒక్కొక్క కళాసీ వాటాలో రూ. 600 తరుగును. అప్పు తెచ్చినది యజమాని. దాని వడ్డీ కమీషను రూపమున కళాసీ కూడ కట్టుచున్నాడు. కావున ఖర్చుల చీటీని పనివారి ఎదుట చదివి వినిపించుట న్యాయము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఆమోదించిన మత్స్యకార్మికుల ఒడంబడికయు, బోటుమీద పనిచేయు ప్రతివానికి వ్రాతపూర్వకమైన పని ఒప్పందము ఉండవలెననియు, వాటా అయినచో దాని లెక్క కట్టు విధము అందు వ్రాయవలెననియు చెప్పుచున్నది.

రేవులోని స్త్రీలు

బోటు తెచ్చిన చేపను ఏరువారు, ఉప్పులో వేయువారు, ఎండబెట్టువారు, గంపనెత్తుకొని సంతకు పోవువారు స్త్రీలు. రొయ్యల షెడ్లలో ఒలుపు పని చేయువారును స్త్రీలే. వీరికి కిలోకింత అని కూలి. ఒలువకముందు తూకమా, ఒలిచిన తరువాత తూకమా అనునది మొదట తేల్చుకొనవలసిన మాట. తలయు, పెంకును పోయిన పిమ్మట బరువు ఎంతయో తగ్గును. కాటా సరియైనదా లేదా యను అనుమానము కలిగినచో తూనికలు కొలతల శాఖ ముద్ర చూడవలెను. ముద్ర లేని కాటాపై కూలి లెక్క కట్టనీయరాదు. ఒకే విధమైన పనికి పురుషునకొక కూలి, స్త్రీకొక కూలి ఇచ్చుట చట్టవిరుద్ధము.

బయానా పుచ్చుకొని పరరాష్ట్రమునకు

శ్రీకాకుళము, విజయనగరము తీరముల యువకులు అనేకులు గుజరాతునందలి వేరావళి రేవునకు పోయి అచటి బోట్లమీద నెలజీతమునకు కుదురుచున్నారు. పోకముందే బయానా ముట్టును. ఆ సొమ్ము ఇంటి అప్పునకో, చెల్లెలి పెండ్లికో అయిపోవును. తరువాత నెలనెల జీతములో అది కోతపడును. ఇచట వాటా లేదు కనుక వేట తగ్గినను జీతము తగ్గదు. అదియే ఆ ఉద్యోగపు ఆకర్షణ. దానికి ప్రతిగా మోయవలసిన అపాయము వేరు.

2018 నవంబరులో అట్లు పోయిన మనవారు సముద్రసరిహద్దు దాటినారని పాకిస్తాను అధికారులు పట్టుకొనిరి. వారిలో 20 మంది పదునాలుగు నెలల పిమ్మట, 2020 జనవరి 6న వాఘా సరిహద్దున మనదేశమునకు అప్పగింపబడిరి. ఆ నెలలన్నియు జీతము తెచ్చెడి చేయి ఆ ఇండ్లలో లేదు. అదే సంవత్సరము వేసవిలో కరోనా లాక్‌డౌనువలన వేలకొలది మనవారు గుజరాతు రేవులలో చిక్కుకొనగా, బస్సులలో వారిని స్వస్థలములకు చేర్చవలసి వచ్చినది. ఇట్టి వేళలందు మొదట ఎదురగు ప్రశ్న "ఎవరెవరు పోయిరి? ఏ బోటు? యజమాని ఎవరు?" అనునది. ఆ సమాధానము పంచాయతీ పుస్తకములో ముందే ఉన్నచో ఎన్నియో దినములు కలిసివచ్చును.

బయానా గురించి ఒక మాట. అప్పు తీరువరకు పని మానరాదని, వేరొక చోటికి పోరాదని నిర్బంధించుట వెట్టి యగును. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పును రద్దు చేసినది. ఎవరైన అట్లు చిక్కుకొన్నచో పంచాయతీ సభ్యులు తహసీలుదారునకో, కలెక్టరునకో వ్రాయవలెను.

వేట నిషేధ దినముల భృతి

చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున తూర్పుతీరమందు ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషిద్ధము. 2015కు ముందు ఇది 47 దినములుగా ఉండెను. ఆ కాలమున పని లేని కుటుంబములకు మన రాష్ట్రమున ఇచ్చు భృతి 2019లో రూ. 10,000 అయినది. 2025 ఏప్రిలులో రూ. 20,000 చేయబడినది. ఇరువదివేలను 61 దినములకు పంచినచో దినమునకు సుమారు రూ. 328. ఒక కుటుంబమునకు ఒక మనిషి దినకూలికి ఇది సమానము. కావున జాబితాలో పేరు తప్పుట ఆ ఇంటికి రెండు నెలల కూలి తప్పుటయే.

పేరు ఎట్లు తప్పును? పడమటి తీరమున నిషేధము జూన్ 1 మొదలు జూలై 31 వరకు. కావున మన తీరమున బోట్లు కట్టివేసి జాబితా వ్రాయు దినములలో, వేరావళి పోయినవాడు ఇంకను అచటి సముద్రముమీదనే ఉండును. అతడు తిరిగి వచ్చుసరికి ఇచట జాబితా ముగిసిపోవచ్చును. అట్టివాడు భృతికి అర్హుడా కాడా యను ప్రశ్నను సభ్యులు మత్స్యశాఖ అధికారిని ముందుగనే అడిగి, ఆ ఇంటివారికి తెలియజేయవలెను. ఇచటనే సొంత రేవులో పనిచేయు కళాసీ పేరు యజమాని ఇచ్చిన పట్టికలో ఉన్నదా లేదా అనునది కూడ ఆ పట్టికను గ్రామసభలో చదివినప్పుడే తేలును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1948 నాటి కనీస వేతనముల చట్టము ప్రకారము, పట్టికలో చేర్చిన పనులకే కనీస కూలి వర్తించెడిది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చి, ఆ పట్టికల భేదమును తొలగించినది. కూలికి పని చేయు వారందరికిని కనీస కూలి హక్కు కలదు. రాష్ట్రప్రభుత్వము రేటును అయిదేండ్లకు మించకుండ సవరింపవలెను. క్రొత్త రేటు వచ్చువరకు పాత ఉత్తర్వులందలి రేట్లే చెల్లును.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసిన అంశములు కొన్ని కలవు. పనికూలికి వేరుగా రేటు నిర్ణయింపబడనిచోట, పనికూలివానికి గూడ దినకూలి రేటునకు తక్కువ కాకుండ ముట్టవలెను. దినకూలి ఆ దినము పని ముగియునప్పుడే ఇయ్యవలెను. నెలజీతము మరుసటి నెల ఏడవ తేదీలోపల ఇయ్యవలెను. పని మాన్పించినచో రెండు పని దినములలో లెక్క తీర్చవలెను. కోతలన్నియు కలిపినను జీతములో సగమును మించరాదు. కూలి తక్కువ ఇచ్చినారను ఫిర్యాదునకు పూర్వము ఆరు నెలలే గడువు. ఇప్పుడది మూడేండ్లు. తక్కువైన మొత్తముతోపాటు దానికి పదిరెట్ల వరకు పరిహారము ఇప్పించు అధికారము విచారణాధికారికి కలదు.

కనీస కూలికి తక్కువగా పనిచేయించుట నిర్బంధపు చాకిరియే అని సుప్రీంకోర్టు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల విషయమున తీర్పు చెప్పినది. 1983లో రాజస్థానపు కరవు పనుల విషయమునను ఆ మాటనే స్థిరపరచినది. "వారంతట వారే ఒప్పుకొని వచ్చిరి" అను సమాధానము చెల్లదు. ఆకలిగొన్నవాని ఒప్పుదల ఒప్పుదల కాదు.

పూర్తిగా వాటామీద పనిచేయు కళాసీ కూలివాడా, భాగస్థుడా అను వివాదమునకు మాత్రము తావు కలదు. అందుచేతనే వాటా ఒప్పందమును వ్రాతలో పెట్టుకొనుట అతనికి మరింత అవసరము.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

కూలి రేటు నిర్ణయించు అధికారము పంచాయతీకి లేదు. అయినను ఈ క్రింది పనులకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

మొదటిది, రేటును చదివించుట. సీజను ఆరంభమునకు ముందు గ్రామసభలో ఆ సంవత్సరపు ఆకు రేటు, నర్సరీ పనుల కూలి, ప్రభుత్వము ప్రకటించిన కనీస కూలి చదివించి, నల్లబల్లమీద వ్రాయించవలెను. కట్టకు ఎన్ని ఆకులో, కొసరు ఇయ్యనక్కరలేదనియు అందులో వ్రాయవలెను.

రెండవది, లెక్కకు సాక్షి. ఆకు కల్లమునొద్ద సాయంకాలము ఒక సభ్యుడో, స్వయంసహాయక సంఘపు స్త్రీయో నిలిచియుండుట. ఏమియు మాటలాడనక్కరలేదు. నిలిచియుండుటయే చాలును. కట్టలు ఇచ్చిన క్షణముననే కార్డులో వ్రాయించవలెను. త్రోసివేసిన కట్టలను తిరిగి కూలికే ఇప్పించవలెను.

మూడవది, వలస పుస్తకము. పరరాష్ట్రపు బోట్లకు పోవువారి పేరు, ఇంటివారి ఫోను, బోటు పేరు, సంఖ్య, యజమాని చిరునామా, పుచ్చుకొన్న బయానా, కుదిరిన జీతము వ్రాసి సంతకము తీసికొనవలెను. 2021లో ఆరంభమైన ఇ-శ్రమ్ పట్టికలో పేరు చేర్పించుట, ప్రమాదబీమా కలదా యని మత్స్యశాఖవారిని విచారించుట ఈ సమయముననే జరుగవలెను.

నాలుగవది, ఫిర్యాదునకు తోడు. చదువురాని కూలి ఒంటరిగా కార్మికశాఖ కార్యాలయమునకు పోజాలడు. కార్డు, చీటి, హాజరు పుస్తకము నకలు చేర్చి అర్జీ వ్రాసిపెట్టి, ఒక సభ్యుడు వెంట పోవలెను. మూడేండ్ల గడువు కలదు గదా యని జాగు చేయరాదు. కాలము గడచినకొలది కాగితములు పోవును, సాక్షులు చెదరుదురు.

ఇందువలన మేస్త్రులతోను, వర్తకులతోను వైరము వచ్చునని కొందరు సభ్యులు సందేహింపవచ్చును. సక్రమముగ నడచు గుత్తేదారునకు, మంచి బోటు యజమానికి లెక్క బహిరంగమగుటవలన కీడు లేదు. పైపెచ్చు, అతనిపై పడు నిందలు తొలగును. మరుసటి సంవత్సరము పనివారు అతనియొద్దకే వత్తురు. తగవులన్నిటికంటె చవుకైన పరిష్కారము ముందుగనే వ్రాసియుంచిన చీటి.

ఈ వేసవిలో ఆకు కల్లము తెరచు దినమున, లేక వేట ముగించుకొని బోట్లు రేవు చేరు దినమున, మీ ఊరిలో ఒక కుటుంబమును కూర్చుండబెట్టుకొని వారి లెక్కను "మనిషికి, దినమునకు" అని కట్టి చూడుడు. వచ్చిన అంకెను గ్రామసభలో చదువుడు. ఆ అంకె న్యాయమైనచో అందరికిని తృప్తి. కానిచో ఏమి చేయవలెనో ఆ సభయే ఆలోచించును.